తాగిన తేదీ రాసుకోండి

అడవిలో తాగిన నీళ్ల జబ్బు అడవిలో బయటపడదు. ఇంటికొచ్చి, మాసిన బట్టలు ఉతికి ఆరేసుకుని, ఫొటోలు అందరికీ పంపుకుని, మళ్లీ పనుల్లో పడ్డాక బయటపడుతుంది. వాగు దగ్గర దోసిలి పట్టిన రోజుకూ, తెల్లవారుజామున కడుపు పట్టుకుని లేచిన రోజుకూ మధ్య వారమో, పది రోజులో, ఒక్కోసారి నెలలో గడిచిపోతాయి. ఆ మధ్యకాలమే మనల్ని దారి తప్పిస్తుంది. డాక్టరునూ తప్పిస్తుంది.

ఎర్రుపాలెం సంగతే తీసుకుందాం. ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీదున్న మండల కేంద్రం. మండలంలోనే జమలాపురం వెంకటేశ్వరస్వామి గుట్ట ఉంది. కానీ అడవి చూడాలనుకునే కుర్రకారు అక్కడితో ఆగరు. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా కిన్నెరసాని వైపు పోతారు. గోదావరి వంతెన దాటి భద్రాచలం, అక్కడి నుంచి పర్ణశాల, ఇంకా ఓపికుంటే వాజేడు దగ్గరి బొగత జలపాతం. వానాకాలం చివర్లో ఆ దారులన్నీ పచ్చగా, వాగులన్నీ నిండుగా ఉంటాయి. ఇంటి నుంచి తీసుకెళ్లిన సీసాలు మధ్యాహ్నానికే ఖాళీ అవుతాయి. ఎదురుగా రాళ్ల మీద నుంచి దూకుతున్న నీళ్లు, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా. తాగకుండా ఎవరుంటారు?

పది రోజుల తర్వాత ఆ కుర్రాడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కూర్చుంటాడు. "నిన్న ఏం తిన్నావు బాబూ?" అని ఆయన అడుగుతాడు. "బయట బిర్యానీ తిన్నానండీ" అంటాడు ఇతను. ఇద్దరికీ జవాబు దొరికినట్టే ఉంటుంది. నేరం బిర్యానీ మీద పడుతుంది. రెండు మందులు కలిపిన మాత్రలు చేతిలో పడతాయి. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతుంది. పది రోజుల కిందటి వాగు మాత్రం ఎవరి నోటా రాదు.

అందుకే అడవి నడకకు వెళ్లేవాళ్లు సంచిలో మందులు సర్దుకోవడం కంటే ముందు ఒక అలవాటు చేసుకోవాలి. బయటి నీళ్లు తాగిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక్క వాక్యం రాసుకోవాలి. ఏ రోజు, ఏ చోట, ఏ నీళ్లు. కాచి తాగారా, వడకట్టి తాగారా, అలాగే తాగారా. ఇంకా ఎవరెవరు తాగారు. ఆ వాక్యాన్ని కనీసం మూడు నెలలు చెరపకండి. ఈ అధ్యాయంలోని మిగతా మాటలన్నీ ఈ వాక్యం ఎందుకు పనికొస్తుందో, దాన్ని పట్టుకుని ఏం చేయాలో చెప్పేవే.

రోజుల లెక్క

జబ్బు ఎన్నాళ్లకు మొదలైందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. తిన్న కొద్ది గంటల్లో వాంతులు పట్టుకుంటే అది నిలవ తిండిలో పేరుకున్న విషం పని అయి ఉంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో నీళ్ల విరేచనాలు మొదలైతే ఎక్కువగా బ్యాక్టీరియానో వైరస్సో కారణం. వాటిలో చాలావరకు వారంలోపు వాటంతటవే సర్దుకుంటాయి. పరాన్నజీవుల నడక వేరు. జియార్డియా ఒకటి నుంచి మూడు వారాలు తీసుకుంటుంది. క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా సుమారు వారం. అమీబా సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. అదే అమీబా పేగు దాటి కాలేయంలో చీముగడ్డ కట్టేసరికి నెలలు గడవచ్చు. ఏలికపాము గుడ్డు నోట్లోకి వెళ్లిన రోజు నుంచి కడుపులో పెద్ద పురుగై గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇంత ఎడం ఉంటే జ్ఞాపకం ఏం చేస్తుంది? మన పెద్దలకు తెలిసిన నారికురుపునే చూడండి. దిగుడుబావి నీళ్లలో కంటికి ఆనీ ఆనని సైక్లాప్స్ అనే చిన్న జీవి కడుపులో నారి పురుగు పిల్ల ఉంటుంది. ఆ నీళ్లు తాగితే అది మన ఒంట్లోకి చేరి, దాదాపు ఏడాది పాటు ఏ బాధా చూపించకుండా పెరుగుతుంది. ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, మూరెడు పైగా పొడవున్న పురుగు తెల్లటి దారంలా బయటికి వస్తుంది. మంటకు తాళలేక మనిషి కాలిని నీళ్లలో పెడతాడు. ఆ క్షణాన పురుగు వేల పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. పోయినేడు తాగిన నీళ్లకూ ఈ ఏడు లేచిన కురుపుకూ సంబంధం మనిషి ఊహించుకోలేడు. శాపమనీ, వాతమనీ అనుకున్నాడు.

ఈ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దానికి టీకా లేదు, ఈనాటికీ మందు లేదు. అయినా దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. దిగుడుబావుల బదులు చేతిపంపులూ గిలకబావులూ వచ్చాయి. నీళ్లను బట్టతో వడకట్టడం ఇంటింటికీ నేర్పారు. బావుల్లో టెమెఫాస్ మందు కలిపారు. కురుపున్న మనిషిని నీళ్లలోకి దిగనివ్వలేదు. ఎక్కడ తాగాడు, ఎప్పుడు తాగాడు అని ఊరూరా తిరిగి అడిగిన ఆరోగ్య కార్యకర్తలు లేకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు. తేదీ రాసుకోమని నేను పట్టుబట్టడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు.

బట్ట ఏది ఆపుతుంది, ఏది ఆపదు

ఆ విజయమే మనలో ఒక తప్పుడు ధీమాను కూడా మిగిల్చింది. పంచె చెంగో చీర కొంగో మడతపెట్టి వడకడితే అడవి నీళ్లు మంచివైపోతాయని చాలామంది నమ్ముతారు. సైక్లాప్స్ మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. బట్ట దాన్ని ఆపుతుంది. బంగ్లాదేశ్‌లో రీటా కాల్వెల్ బృందం పాత చీరను కనీసం నాలుగు మడతలు వేసి వడకట్టించి చూసింది. కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రచురించింది. కలరా సూక్ష్మజీవి నీళ్లలోని చిన్న చిన్న జీవులను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అది సాధ్యమైంది. అలా నాలుగు మడతలు వేసిన పాత చీరలో సందులు దాదాపు 20 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జియార్డియా సిస్టు 8 నుంచి 12 మైక్రాన్లు. క్రిప్టోస్పోరిడియం ఇంకా చిన్నది, 4 నుంచి 6. అవి ఆ బట్టలోంచి ఏ అడ్డూ లేకుండా దాటిపోతాయి.

సిస్టు అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతున్న పరాన్నజీవి అనుకోండి. చల్లటి నీళ్లలో అది వారాలు, నెలలు బతుకుతుంది. పశువులు, అడవి జంతువులు, మనుషులు ఎవరి మలంతోనైనా వాగులోకి రావచ్చు. జబ్బు చేయడానికి పది సిస్టులు చాలు. తేటదనం దీనికి ఏ భరోసా కాదు. పారే నీళ్లు శుభ్రమన్న మాటా భరోసా కాదు. పైన రెండు మలుపుల అవతల గేదెలు దిగిన మడుగు ఉందేమో కింద నిలబడినవాళ్లకు కనబడదు. తొలకరి వానకు ఒడ్డుమీదున్నదంతా కొట్టుకొచ్చే రోజుల్లోనూ, ఎండాకాలం చివర వాగు చిన్న చిన్న గుంటలుగా మిగిలిన రోజుల్లోనూ ముప్పు ఎక్కువ.

ఏజెన్సీ గూడేల్లో వాగు నీళ్లు నేరుగా తాగరు. ఒడ్డున ఇసుకలో చెలమ తోడుకుంటారు. ఊరిన మొదటి నీళ్లు తోడిపోసి, మళ్లీ ఊరాక తీసుకుంటారు. ఇసుక వడపోత మంచి వడపోత. వాగు నీళ్ల కంటే చెలమ నీళ్లు ఎన్నో రెట్లు మేలు. కానీ పశువులు తొక్కిన చెలమ, మనం తెరిచి వదిలేసి వెళ్లిన చెలమ, పక్కనే ఎవరైనా బహిర్భూమికి వెళ్లిన చెలమ మేలైనవి కావు. చెలమ నీళ్లనూ కాచుకోవడమే సరైన పద్ధతి. పటిక ముక్క, చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుక్కి దిగుతుంది, దానితోపాటు కొన్ని సిస్టులూ దిగుతాయి. కానీ చావవు. పైన తేరిన నీళ్లను మాత్రం వంచుకుని, వాటిని కాచుకుంటే రెండు పనులూ అయినట్టు.

కాచడం గురించి జనంలో ఉన్న లెక్క అనవసరంగా పెద్దది. ఇరవై నిమిషాలు మరిగించాలనుకుని, అంత కట్టెలెక్కడ తెచ్చేదని మానేస్తారు. నీళ్లు తెర్లి, బుడగలు ఆగకుండా పైకి వస్తూ ఒక్క నిమిషం మరిగితే జియార్డియా, అమీబా, క్రిప్టోస్పోరిడియం అన్నీ చచ్చిపోతాయి. రెండు వేల మీటర్లు దాటిన కొండల మీదే మూడు నిమిషాలు కావాలి. భద్రాచలం దారుల్లో అంత ఎత్తు ఎక్కడా లేదు. రాత్రి వండుకున్నాక మిగిలిన నిప్పుల మీద గిన్నె పెట్టి, మర్నాటి నీళ్లు కాచి, చల్లారనిచ్చి, మూతపెట్టి ఉంచుకోండి. ముంచుకోవడానికి గ్లాసు పట్టుకున్న చేతిని ఆ గిన్నెలో పెట్టకండి. వంచుకోండి.

క్లోరిన్ బిళ్లలు తేలిక కాబట్టి చాలామంది వాటినే నమ్ముకుంటారు. బ్యాక్టీరియాకూ వైరస్‌లకూ అవి బాగా పనిచేస్తాయి. జియార్డియా మీద అరకొరగా, అదీ ఎక్కువసేపు ఉంచితేనే. క్రిప్టోస్పోరిడియం మీద దాదాపు పనిచేయవు. అమెరికాలో మిల్వాకీ నగరానికి 1993లో జరిగింది ఇదే: శుద్ధిచేసి క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లే తాగి దాదాపు 4 లక్షల మంది క్రిప్టోస్పోరిడియంతో జబ్బుపడ్డారు. నగరానికే ఆ దెబ్బ తగిలితే సీసాలో వేసిన బిళ్ల మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో మీరే ఆలోచించండి. నడకకు తరచుగా వెళ్లేవాళ్లు 0.1 లేదా 0.2 మైక్రాన్ల సన్నగొట్టాల ఫిల్టర్ ఒకటి కొనుక్కుంటే మంచిది. పరాన్నజీవులనూ బ్యాక్టీరియానూ అది ఆపుతుంది. వైరస్‌లను ఆపదు కాబట్టి వడకట్టాక క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. అన్నిటికంటే సులువైనది, మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు లెక్కగట్టి ఇంటి నుంచే మోసుకెళ్లడం. బరువంటారు. తర్వాత చెప్పబోయే మూడు వారాలతో పోల్చుకోండి.

జియార్డియా ఎలా ఉంటుంది

తెలుగు ఇళ్లలో విరేచనాలంటే నీళ్లలా పోవడం, నీరసపడటం, సెలైన్ పెట్టించుకోవడం. జియార్డియా అలా ఉండదు. జ్వరం సాధారణంగా ఉండదు. రక్తం పడదు. రోజుకు నాలుగైదుసార్లు మెత్తగా, లేత రంగులో, జిడ్డుగా, భరించలేని కంపుతో పోతుంది. నీళ్లు కొట్టినా మరుగుదొడ్డి పళ్లేనికి అంటుకుంటుంది, లేదా తేలుతుంది. కడుపు ఉబ్బి బల్లలా ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు వస్తాయి. ఆకలి చస్తుంది. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. మూడు వారాలకు నడుము దగ్గర ప్యాంటు వదులవుతుంది.

ఇదంతా ఎందుకంటే, ఆ జీవి చిన్నపేగు గోడకు అతుక్కుని కూర్చుంటుంది. గోడను తొలిచి లోపలికి పోదు, అందుకే రక్తమూ జ్వరమూ ఉండవు. కానీ కొవ్వును ఒంటికి పట్టనివ్వదు. ఆ పట్టని కొవ్వే జిడ్డు, ఆ పులిసిన తిండే గ్యాసు. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్చి దేశస్థుడు తనకు విరేచనాలైనప్పుడు తన మలాన్నే సొంతంగా చేసుకున్న భూతద్దం కింద పెట్టి, కదులుతున్న ఈ జీవిని మొదటిసారి చూశాడు. మలాన్ని చూడటానికి, దాని గురించి డాక్టరుకు చెప్పడానికి మనం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం. ఆ సిగ్గు వల్ల పోయేది మన ఆరోగ్యమే. రంగు, జిడ్డు, తేలడం, కంపు, రక్తం, జిగట, ఎన్నిసార్లు అన్నవి డాక్టరు అడగకపోయినా చెప్పండి.

అమీబా మరో తీరు. అది పెద్దపేగును తొలిచి పుండు చేస్తుంది. కొద్దికొద్దిగా, ముక్కుతూ, జిగటతో, రక్తంతో పోతుంది. అసలు భయపడాల్సింది కాలేయపు చీముగడ్డకు. అప్పటికి విరేచనాలు ఉండకపోవచ్చు, మల పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. కుడి డొక్క పైభాగాన నొప్పి, ఒక్కోసారి కుడి భుజానికి పాకే నొప్పి, చలితో జ్వరం, చెమటలు, ఆకలి లేకపోవడం. నడివయసు మగవాళ్లలో, మద్యమో కల్లో అలవాటున్నవాళ్లలో ఎక్కువగా చూస్తాం. రెండు మూడు నెలల కిందట అడవి నీళ్లు తాగి ఉండి ఇప్పుడు ఇలా ఉంటే ఆలస్యం చేయకుండా పొట్ట స్కానింగ్ చేయించుకోవాలి. గడ్డ పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. సమయానికి పట్టుకుంటే చాలామందికి మందులతోనే నయమవుతుంది.

జ్వరం ఉంటే ముందు వేరే పరీక్ష

ఇక్కడ ఒక హెచ్చరిక. భద్రాచలం ఏజెన్సీకి వెళ్లొచ్చిన ఏడు రోజుల తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, కడుపు నొప్పి, విరేచనాలు తోడున్నా సరే, ముందు మలేరియా రక్తపరీక్ష. ఫాల్సిపారం మలేరియాలో విరేచనాలు అవుతాయి. దాన్ని కడుపు జబ్బనుకుని మూడు రోజులు పోగొట్టుకుంటే మెదడుకు ఎక్కవచ్చు. దోమలోనే మలేరియా పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. మలేరియా పరీక్షకు ఇప్పుడు వేలి మీద ఒక్క చుక్క రక్తం, పావుగంట సమయం చాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఏజెన్సీలో అయితే ఆశా కార్యకర్త దగ్గరే ఉంటుంది. ఒక్కసారి నెగెటివ్ వస్తే సరిపోదు, జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. టైఫాయిడ్ అనుమానం ఉంటే ఒక్క వైడాల్ పరీక్ష మీదే ఆధారపడకుండా, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించమని అడగండి.

మల పరీక్ష ఎలా చేయించుకోవాలి

ఒక్కసారి మలం ఇచ్చి, "ఏమీ లేదు" అని రాగానే వదిలేయడం పెద్ద పొరపాటు. జియార్డియా సిస్టులు రోజూ పడవు. ఒకరోజు వేలల్లో, మరో రోజు ఒక్కటీ ఉండదు. రోజు విడిచి రోజు మూడు నమూనాలు ఇవ్వాలి. మూత గట్టిగా బిగిసే పొడి డబ్బాలో, మూత్రం కలవకుండా, కుళాయి నీళ్లు కలవకుండా పట్టుకోవాలి. రక్తం జిగట ఉన్న నమూనా అయితే అరగంటలో మైక్రోస్కోపు కిందికి చేరాలి. కదిలే అమీబా ఆ తర్వాత చచ్చిపోయి గుర్తుపట్టరాకుండా అవుతుంది. కాబట్టి అలాంటప్పుడు ఇంటి నుంచి పట్టుకెళ్లడం కంటే ల్యాబ్ ఉన్నచోటే ఇవ్వడం మేలు. యాంటీబయాటిక్, విరేచనాలు కట్టే మాత్ర, యాంటాసిడ్ వేసుకున్నాక చేసిన పరీక్ష నమ్మదగ్గది కాదు. మాత్ర మింగకముందే మొదటి నమూనా ఇవ్వండి.

రిపోర్టులో "అమీబా సిస్టులు ఉన్నాయి" అని వచ్చినంత మాత్రాన మీ జబ్బు అమీబాదే అని కాదు. రోగం చేసే అమీబాకూ, ఏ హానీ చేయని దాని జంట జీవికీ సిస్టులు మైక్రోస్కోపు కింద ఒకేలా ఉంటాయి. మన దగ్గర ఏళ్ల తరబడి "అమీబియాసిస్" పేరుతో మందులు మింగుతున్నవాళ్లలో ఎంతోమందికి అసలు అమీబా జబ్బే ఉండదు. లోపల ఎర్ర రక్తకణాలను మింగి ఉన్న కదిలే అమీబా కనబడితే అనుమానం బలపడుతుంది. యాంటిజెన్, పీసీఆర్ పరీక్షలు ఉన్నచోట ఈ తికమక తీరుతుంది. క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా మామూలు మల పరీక్షలో కనబడవు. ప్రత్యేక రంగు వేసి చూడాలి. డాక్టరు చీటీ మీద అడిగితేనే ల్యాబ్ చేస్తుంది. మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం ఇక్కడ అక్కరకొస్తుంది. "పదకొండు రోజుల కిందట అడవిలో వాగు నీళ్లు కాచకుండా తాగామండీ, మాలో ముగ్గురికి ఇలాగే ఉంది" అని చెప్పిన రోగికి రాసే పరీక్ష వేరు, "నిన్న బిర్యానీ తిన్నాను" అన్న రోగికి రాసే పరీక్ష వేరు. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి అడవి చూసి వెళ్లిన మన పిల్లలు తిరిగి వెళ్లాక అక్కడి డాక్టరుకు ఈ మాట మరీ మరీ చెప్పాలి.

వైద్యం

మందు కంటే ముందు ఒంట్లో నీళ్లు. ఓఆర్‌ఎస్ పొట్లం మీద ఒక లీటరుకు 20.5 గ్రాములన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఉందో లేదో చూసి కొనండి. పేరు మీద ఓఆర్‌ఎస్ అని రాసుకుని చక్కెర నీళ్లు అమ్మే డబ్బాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ మూడక్షరాలు వాడకూడదని ఆదేశించింది. చక్కెర ఎక్కువైన పానీయం విరేచనాలను పెంచుతుంది. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు తలకొట్టిన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు వేసిన గంజి, పలచటి మజ్జిగ కూడా మంచివే. నాలుక ఎండిపోవడం, మూత్రం తగ్గి చిక్కగా రావడం, లేస్తే కళ్లు తిరగడం కనబడితే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరమో రక్తమో ఉంటే విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్ర జోలికి పోవద్దు.

జియార్డియాకు పెద్దవాళ్లకు టినిడజోల్ 2 గ్రాములు ఒకేసారి భోజనంతో ఇస్తారు. లేదా మెట్రోనిడజోల్ రోజుకు మూడుసార్లు ఐదు నుంచి ఏడు రోజులు, లేదా నైటజోక్సనైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మూడు రోజులు. క్రిప్టోస్పోరిడియంకు పనికొచ్చేది ఈ నైటజోక్సనైడే. సైక్లోస్పోరాకు కోట్రైమోక్సజోల్. అమీబాకు రెండు దశలు ఉండాలి. మెట్రోనిడజోల్‌తోనో టినిడజోల్‌తోనో పుండు తగ్గించాక, పేగులో మిగిలిన సిస్టులను తుడిచిపెట్టడానికి డైలోక్సనైడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు పది రోజులు వాడాలి. నొప్పి తగ్గగానే ఈ రెండో దశను వదిలేస్తారు. నెలల తర్వాత జబ్బు తిరగబెట్టేది, కాలేయానికి పాకేది అక్కడి నుంచే. ఏలికపాములకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మాత్ర. ఏ మందు, ఎంత అన్నది డాక్టరే తేల్చాలి. గర్భిణులకు, బాలింతలకు, కాలేయ జబ్బున్నవాళ్లకు, మూర్ఛ మందులు లేక రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు ఇవి మారతాయి. పిల్లలకు బరువును బట్టి లెక్కకడతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు క్రిప్టోస్పోరిడియం ప్రాణాంతకం. వాళ్లు అడవి నీళ్లు కాచకుండా ఎన్నడూ తాగకూడదు.

మెట్రోనిడజోల్, టినిడజోల్ వాడుతున్నప్పుడు నోరు ఇనుములా చేదెక్కుతుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది. భయపడకండి, మందు ఆపకండి. కల్లు, ఇప్పసారా, సీసా మందు ఏదీ ఆ రోజుల్లోనూ, ఆపిన తర్వాత మూడు రోజులూ ముట్టకండి. మాత్రలు నాలుగు మింగి మానేయడం, ఉన్న మాత్రలు స్నేహితుడికి పంచడం రెండూ చెరుపే చేస్తాయి.

తగ్గాక కూడా తగ్గనట్టుంటే

మందు సరిగ్గా వాడినా కొందరికి పాలు తాగితే మళ్లీ ఉబ్బరం, మళ్లీ విరేచనాలు. జియార్డియా తిరిగొచ్చిందనుకుని ఇంకో కోర్సు మింగుతారు. పేగు గోడ దెబ్బతిన్నప్పుడు పాలలోని చక్కెరను అరిగించే శక్తి కొన్ని వారాలు పోతుంది, అంతే. నెల రోజులు పాలు, టీ, పాలకోవా మాని, పెరుగు, మజ్జిగతో సరిపెట్టుకుని చూడండి. అప్పటికీ తగ్గకపోతే మళ్లీ మూడు నమూనాల పరీక్ష. ఇంట్లో ఇంకెవరికైనా ఉందేమో కూడా చూడాలి, వాళ్ల నుంచే మీకు మళ్లీ అంటుతూ ఉండవచ్చు.

బరువు తగ్గుతూ, నోరు పూసి, రక్తహీనత పెరుగుతూ విరేచనాలు నెలల తరబడి సాగితే ట్రాపికల్ స్ప్రూ అనే మరో జబ్బు గురించి కూడా అడగాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు ఈ జబ్బుతోనే పోయారు. ఆయనా దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. తర్వాత అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు ఆయన నాయకత్వం వహించిన కాలంలోనే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు, మొదటి టెట్రాసైక్లిన్ మందూ అక్కడే వచ్చింది. ఈనాటికీ ట్రాపికల్ స్ప్రూకు ఇచ్చే వైద్యం ఆ రెండే. ఆ ఇద్దరు అన్నదమ్ములకు అందనిది మీకు ఊళ్లో మందుల షాపులోనే దొరుకుతుంది. కాబట్టి ఎండిపోతున్న మనిషిని "కడుపుకు పడలేదు" అని ఇంట్లో కూర్చోబెట్టకండి.

మనం వదిలి వచ్చేది

జబ్బు చేసిన మనిషి మలంలో సిస్టులు విరేచనాలు ఆగాక కూడా కొన్ని వారాలు పడుతుంటాయి. విరేచనాలు ఆగాక కూడా రెండు వారాలపాటు వాగులో, జలపాతం కింద, ఈత కొలనులో దిగవద్దు. మేడారం జాతర రోజుల్లో జంపన్న వాగులో లక్షల మంది మునుగుతారు; కడుపు బాగోలేనివాళ్లు ఆ నీళ్లలో దిగకుండా ఒడ్డునే తలమీద నాలుగు చుక్కలు చల్లుకుని మొక్కుకున్నా అమ్మవార్లు కాదనరు. శానిటైజర్ ఈ సిస్టులను చంపదు. సబ్బుతో, పారే నీళ్లతో చేతులు కడుక్కోవాలి. తగ్గేదాకా నలుగురికీ వంట చేయవద్దు.

అడవిలో బహిర్భూమికి వెళ్తే నీటి వనరుకు కనీసం అరవై మీటర్ల దూరం, అంటే ఎనభై అంగలు. జానెడు లోతు గుంట తవ్వి, మట్టి పూర్తిగా కప్పాలి. వాగు ఒడ్డు ఇసుకలో అసలు వద్దు, రేపు అక్కడే ఎవరో చెలమ తోడతారు. మీరు ఆ నీళ్లు ఒక్క మధ్యాహ్నం తాగారు. కింది గూడెంలో పిల్లలు ఏడాది పొడుగునా తాగుతారు. మీకు మూడు వారాల బాధ అయింది వాళ్లకు ఎదుగుదల ఆగిపోవడం కావచ్చు.

అందుకే పరీక్షలో పరాన్నజీవి తేలితే మందుల చీటీ జేబులో పెట్టుకుని ఊరుకోకండి. ఆ వాగు ఏ గూడేనికి దగ్గరో, అక్కడి ఆశా కార్యకర్తకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ఫోన్ చేయండి. ఏ తేదీన, ఏ చోట తాగారో, మీ గుంపులో ఎందరు తాగారో, ఎందరు జబ్బుపడ్డారో, పరీక్షలో ఏం తేలిందో చెప్పండి. కాచి తాగినవాళ్లు జబ్బుపడ్డారా లేదా అన్నది కూడా చెప్పండి. నీళ్లలో దోషమా, తిండిలో దోషమా అని వాళ్లు తేల్చుకోవడానికి ఆ వివరమే కావాలి. బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే సరిపోతుందా, కాచుకోమని ఇంటింటికీ చెప్పాలా, కొత్త బోరు అడగాలా అన్నది అప్పుడు వాళ్లు నిర్ణయించుకోగలుగుతారు.